ఎక్కు నీరు, దిగు నీరు

గాజుతొట్టిలో చేపలను పెంచుకొను ఇంటికి వచ్చిన చుట్టములు మొదట చేపల రంగులను మెచ్చుకొందురు; పిదప తొట్టి క్రింది బల్లతలుపు తెరచి, అచట దాగియున్న మరియొక తొట్టిని, అందు మునిగియున్న మోటారును, పైకిని క్రిందికిని పోవు గొట్టములను చూచి, ఇంచుమించు అందరును ఒకే ప్రశ్న వేయుదురు: “మోటారు గంటకెంత నీటిని పైకెక్కించునో, ఈ గొట్టము సరిగా అంత నీటినే క్రిందికి దింపవలెను గదా; చెంబెడు హెచ్చయినను తగ్గినను తెల్లవారుసరికి ఇల్లు చెరువు కాదా?”

ప్రశ్న న్యాయమైనదే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి, అనగా 120, 45, 45 సెంటీమీటర్ల కొలతలది, అంచువరకు నింపినచో 243 లీటర్లు పట్టును. దాని క్రింది మోటారు గంటకు 1000 లీటర్లు ఎక్కించుచున్నదనుకొందము. దినమునకు 24,000 లీటర్లు. ఎక్కు నీటికిని దిగు నీటికిని నూటికొకపాలు భేదమున్నచో దినమునకు 240 లీటర్లు, తొట్టెడు నీరు, లెక్కకు అందకుండ పోవును. పాతపట్నము బజారులో కొన్న పీవీసీ గొట్టమును రంపముతో కోసి, మలుపులు అతికి, మోటారు వేగమునకు నూటికొకపాలైనను తేడా రాకుండ అమర్చగల పనివాడు ఆ ఊరనే కాదు, సరిహద్దు దాటిన పర్లాకిమిడియందును, ఆ మాటకు వచ్చినచో ప్రపంచమున మరెచ్చటను, దొరకడు. ఐనను ఇట్టి తొట్లు ఏండ్ల తరబడి నేలను తడపక నడచుచున్నవి. ఎవ్వరును తూచకయే తూకము కుదురుచున్నదనిన, తూచునది ఏదో ఆ నీటియందే ఉండవలెను.

తొట్టి క్రింద తొట్టి

అసలు రెండవ తొట్టి యేల? 1850వ సంవత్సరమున లండను రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ గాజుపాత్రలో బంగారుచేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి పెంచి, మొక్క ప్రాణవాయువు నీయగా, నత్త కుళ్లిన ఆకును తినగా, నీరు మార్చకయే చేపలు బ్రతుకగలవని చూపెను. ఆయనకు మోటారు లేదు, గొట్టము లేదు. కాని ఆయన పాత్రలోని చేపలు ఒకటి రెండు మాత్రమే. మనమో, తొట్టి కొన్న వారమునకే డజను చేపలను వదలి, పిల్లలు ముచ్చటపడినప్పుడెల్ల మేత వేయుదుము. ఆ మేత మలమై, మలము అమ్మోనియా యను విషమగును. దానిని హరించు సూక్ష్మజీవులు నివసించుటకు స్పంజి, రాళ్లు, గుల్లలు వంటి విశాలమైన నెలవు కావలెను. ఆ సామగ్రినంతటిని చేపల నడుమ పెట్టి చూపు చెడగొట్టుకొనుటకంటె, క్రింద వేరు తొట్టిలో నుంచుట మేలు. వ్యాపారులు దీనిని సంప్ అందురు. మనము అడుగుతొట్టి అందము. పై తొట్టి అంచున నీరు పొర్లి ఒక సన్నని గదిలోనికి పడి, గొట్టము గుండ అడుగుతొట్టికి దిగి, శుభ్రపడి, మోటారు చేత మరల పైకెక్కును. పొర్లునది ఉపరితలపు నీరు గనుక, మేతవలన పేరుకొను నూనెపొర కూడ దానితో కొట్టుకొనిపోవును. గాలి నీటిలో కరగుటకు అడ్డు తొలగును.

గెడ్డయు అలుగును

సమాధానము కొరకు దూరము పోనక్కరలేదు. మహేంద్రతనయ నది పారు ఈ ప్రాంతమునను, మొత్తము శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలయందును, వేలకొలది చిన్న చెరువులు కలవు. వర్షాకాలమున కొండవాలునుండి గెడ్డ, అనగా వాగు, వచ్చి చెరువున పడును. ఈ గెడ్డలో నేడు ఎంత నీరు వచ్చునో, రేపెంత వచ్చునో లెక్క కట్టినవాడు లేడు. ఐనను చెరువు త్రవ్వించిన పెద్దలు గట్టునందు ఒకచోట ఎత్తు తగ్గించి, రాతికట్టుతో అలుగు నిర్మించి, నిశ్చింతగ నిద్రించిరి. నీరు అలుగు మట్టమునకు చేరువరకు చెరువు నిండుచుండును. చేరిన పిదప పలుచని తెరవలె దానిమీదుగా జారును. గెడ్డ ఉధృతమైనచో, జారు నీరు చాలనందున చెరువుమట్టము జానెడు పెరుగును. పెరిగినకొలది అలుగుపై తెర దళసరియగును, తెర దళసరియైనకొలది హెచ్చు నీరు పోవును. లోనికి వచ్చునంత బయటికి పోవు వేళకు మట్టము పెరుగుట మానును. గెడ్డ తగ్గినచో ఇదే వరుస తలక్రిందులై జరుగును. రాకపోకలను సరితూచునది, ఆ విధముగ, నీటిమట్టమే. అది తనంతట హెచ్చి తగ్గుట చేతనే వేరొకరెవ్వరును తూచనక్కరలేకున్నది.

ఇట్లు పొర్లు నీటికి ఒక నియమము కలదని 1717లో పదువా పండితుడు జొవాన్ని పొలేని తెలియజేసెను. అంచుపై నిలిచిన నీటి ఎత్తు రెట్టింపైనచో, పోవు నీరు రెట్టింపు గాక, ఇంచుమించు మూడు రెట్లకు చేరువగును, ఖచ్చితముగ చెప్పవలెనన్న రెండు ముప్పాతికకు పైమాటగ పెరుగును. తెర దళసరియగుటయేకాక దాని వేగమును హెచ్చుటయే యిందుకు కారణము. ఈ గుణమే అలుగునకు ప్రాణము: మట్టము కొంచెము పెరిగినంతనే పారుదల విపరీతముగ పెరుగును.

మన తొట్టికి ఈ నియమమును అన్వయించి చూతము. పొర్లుటకు విడిచిన అంచు పొడవు 30 సెంటీమీటర్లు అనుకొన్నచో, గంటకు 1000 లీటర్లు పోవుటకు అంచుపై సుమారు 6 మిల్లీమీటర్ల నీరు నిలిచిన చాలును. రేపు మోటారు మార్చి 2000 లీటర్లది పెట్టినను, మట్టము సుమారు 10 మిల్లీమీటర్లకు చేరి ఆగును. మోటారు బలము రెట్టింపైనను కంటికి కనబడు మార్పు నాలుగు మిల్లీమీటర్లే! నూటికొకపాలు తేడాకు మట్టము ఎంత కదలునో చెప్పనక్కరలేదు. వెండ్రుక మందమునకు మించదు. చేపలు లోపలికి జారకుండ అంచున దువ్వెనపండ్లవంటి కటకటాలు పెట్టుట కలదు. అవి సగము త్రోవను మూసివేయును గనుక, ఆ మేరకు అంచు పొడవును పెంచుకొనవలెను.

ఈ నియమమును ప్రభుత్వములును తమ పనులకు వినియోగించుకొన్నవి. వంశధారపై నేరడి యొద్ద ఆనకట్ట కట్టుటకు ఒడిశాతో వివాదము తెగక ఏండ్లు గడచుటచేత, దానికి ఎగువను కాట్రగడ్డ యొద్ద నదికి అడ్డముగ గాక ప్రక్కగా ఒక అలుగు నిర్మించి, వరదవేళ మట్టము దాని శిరస్సును దాటినప్పుడు పొర్లు నీటిని కాలువద్వారా హిరమండలము జలాశయమునకు మళ్లించుటకు పూనుకొనిరి. ఆ జలాశయము సుమారు 19 టీఎంసీలది. నది తన మామూలు మట్టమున పారునప్పుడు కాట్రగడ్డ అలుగునకు అందునది శూన్యము. పొంగినకొలది దాని భాగము హెచ్చును. వివాదము 2010లో ఏర్పడిన ధర్మాసనమునకు పోయి 2017లో తీర్పు వచ్చువరకు న్యాయవాదులు ఎంత వాదించిరో కాని, అలుగు తన వాటాను మట్టమును చూచియే తీసికొనును. ధవళేశ్వరమున ఈ సంబంధమునే త్రిప్పి చదువుదురు: గోదావరి మట్టము 11.75 అడుగులు చేరినచో సుమారు 10 లక్షల క్యూసెక్కులు పోవుచున్నవని మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు 13 లక్షలని రెండవదియు, 17.75 అడుగులకు 17 లక్షలని మూడవదియు వెలువడును. ప్రవాహమును కడవలతో కొలువలేరు గనుక ఎత్తును కొలిచి ప్రవాహమును చెప్పుచున్నారన్నమాట.

కాబట్టి చుట్టములకు చెప్పవలసిన మొదటి సమాధానమిది: దిగు గొట్టము మోటారుతో సమానముగ ఉండనక్కరలేదు, దానికంటె పెద్దదిగ ఉండినచాలు. అంచుదాటి వచ్చిన నీటికంటె ఎక్కువ నీటిని అది దింపలేదు గనుక, గొట్టము ఎంత పెద్దదైనను పై తొట్టి ఖాళీయగు ప్రమాదము లేదు. చిన్నదైనచో మాత్రము ఇల్లు చెరువే.

మోటారు బలమును గూర్చి ఇచట ఒక మాట. పెట్టెమీద గంటకు 2000 లీటర్లని అచ్చువేసిన సంఖ్య, నీటిని ఏ మాత్రము ఎత్తకుండ ప్రక్కకు త్రోసినప్పటిది. ఆ మోటారు రెండు మీటర్లకు మించి ఎత్తలేదని అదే పెట్టెమీద చిన్న అక్షరములలో నుండును. అనగా రెండు మీటర్ల యెత్తున అది ఇచ్చునది సున్న. మన బల్లకు కావలసిన మీటరు, మీటరుంబావు ఎత్తున సగము వచ్చినచో గొప్ప. దుకాణదారుడు “రెండు వేలు” అన్నప్పుడు తల ఊపుట మర్యాద; గొట్టము కొలత నిర్ణయించుటకు మాత్రము ఆ సంఖ్యనే నమ్ముకొనుట మేలు, ఏలయన పొరపాటు పెద్దగొట్టము వైపే పోవును. వోల్టేజీ పడిపోయి దీపములు మినుకుమను సాయంకాలములందు మోటారు కూడ నీరసించునని కొందరి భయము. ఈ చిన్న మోటారులలో తిరుగునది అయస్కాంతము. అది కరెంటు సెకనుకు 100 మారులు దిక్కు మార్చుకొను లయను అనుసరించి నిమిషమునకు 3000 చుట్లు తిరుగును. వోల్టేజీ తగ్గినను లయ తప్పదు గనుక వేగమును తగ్గదు; మరీ పడిపోయినచో ఒక్కసారిగ నిలిచిపోవును.

మదుము చేయలేని పని

చెరువునకు అలుగొక్కటియే కాదు, మదుము కూడ కలదు. గట్టు అడుగున తూముగా అమర్చి, పొలమునకు నీరు వదలు ద్వారము అది. మదుము నీటిలో మునిగియుండును. దాని పారుదల వేరొక నియమమునకు లోబడును. 1644లో ఇటలీకి చెందిన టొరిచెల్లి చూపినట్లు, మునిగిన రంధ్రముగుండ పోవు నీటివేగము పైనున్న నీటి ఎత్తుతో బాటు మిక్కిలి మందముగ పెరుగును. ఎత్తు నాలుగింతలైన గాని వేగము రెండింతలు కాదు. మదుముపై తొమ్మిదడుగుల నీరు పదియడుగులైనప్పుడు పారుదల నూటికి అయిదుపాళ్లు పెరుగును. అదే అలుగుపై ఒక అడుగు నీరు రెండడుగులైనప్పుడు పారుదల రెండు ముప్పాతిక రెట్లను దాటి మూడింటికి చేరువగును. రైతునకు మదుము నుండి నిలకడైన నీరు కావలెను, అలుగు నుండి వరద రక్షణ కావలెను. రెండింటి స్వభావము వేరగుటవలననే ఒక చెరువునకు రెండును పెట్టిరి. వరదవేళ మదుమును నమ్ముకొని అలుగు మూసినవానికి గట్టు దక్కదు.

తొట్టి విషయమున తికమక పుట్టునది ఇచ్చటనే. అంచు దాటిన నీరు సన్నని గదిలో పడునంతవరకు అది అలుగు. గదినుండి గొట్టములోనికి దిగునప్పుడు, గొట్టము నోట గాలియు నీరును కలిసి పోవుచున్నంతసేపు అదియు అలుగు వంటిదే. కాని గదిలో మట్టము పెరిగి గొట్టము నోరు పూర్తిగ మునిగి, లోపలి గాలి అంతయు వెడలిపోయినచో, గొట్టము పైనుండి క్రిందివరకు నిండు నీటితో నిండి, ఆ నీటి బరువే మీది నీటిని లాగుకొనును. అప్పుడది మదుము. అంగుళము లావు గల గొట్టము, పై గదికిని అడుగుతొట్టికిని 70 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉన్నచో, ఈ స్థితిలో గంటకు 3000 లీటర్లకు మించి లాగగలదు. గాలితో కలిసి నెమ్మదిగ దిగునప్పుడు దానిలో మూడవ వంతునకు మించి ఆశింపరాదు.

మోటారు ఇచ్చునది 1000. నిండిన గొట్టము లాగునది 3000. ఫలితమేమి? గది క్షణములో ఖాళీయగును. గొట్టము గాలిని జుర్రి గర్రుమని గర్జించి, పట్టు తప్పును. తప్పగనే గది మరల నిండును, మరల నిండుగొట్టమగును, మరల గర్జించును. రేయింబవళ్లు ఇట్లు ఊగిసలాడు తొట్టిని పడకగదిలో పెట్టుకొన్నవారికి నిద్ర దుర్లభము. నీరు పొర్లకున్నను, లెక్క ప్రకారము తూకము కుదిరియున్నను, అది కుదిరిన తూకము గాదు. అటునిటు పడుచు లేచుచు సగటున కుదిరినది.

దీనికి రెండు మందులు. మొదటిది, గొట్టమును ఎన్నడును మదుము కానీయకుండుట. రిచర్డ్ దర్సో అను అమెరికా చేపల ప్రియుని పేర ప్రసిద్ధమైన పద్ధతిలో, నిలువు గొట్టము తలమీద ఒక టీ ముక్క, దాని ప్రక్కన క్రిందికి వంగిన మలుపు, పైమూతకు సన్నని రంధ్రము ఉండును. రంధ్రముగుండ గాలి నిత్యము లోనికి పోవుచుండుటచే గొట్టము నిండదు. నీరు గోడలవెంట జారును. పని సులభము, ఖర్చు స్వల్పము, మన ఊళ్ల ప్లంబరులకు దొరకు ముక్కలే చాలును. కాని దింపగల నీరు తక్కువ, గలగల కొంత మిగులును.

రెండవది నాకు మిక్కిలి నచ్చినది, ఏలయన అది చెరువు కట్టినవారి తెలివినే గదిలో మరల నిలుపును. ఒక గొట్టమును ధైర్యముగ నిండుగొట్టముగ నడపి, దాని చివర వాల్వు పెట్టి, మోటారు ఇచ్చుదానికంటె రవ్వంత తక్కువ దింపునట్లు త్రిప్పుదురు. ఎంత జాగ్రత్తగ త్రిప్పినను అది మోటారుతో సరిపోదు. సరిపోయినను మరునాటికి తప్పును. ఏలయన గదిలో మట్టము ఒక సెంటీమీటరు పెరిగినచో, 70 సెంటీమీటర్ల ఎత్తుపై పనిచేయు నిండుగొట్టము పారుదల నూటికొకపాలైనను పెరుగదు. కాని అంచుపై 6 మిల్లీమీటర్ల తెర 16 మిల్లీమీటర్లైనప్పుడు పారుదల నాలుగింతలు! తూచగలిగినది తెర, తూచలేనిది నిండుగొట్టము. అందుచేత దాని ప్రక్కనే, నోరు కొంచెము పైకుండునట్లు, గాలికి తెరచిన రెండవ గొట్టమును నిలుపుదురు. మిగిలిన ఆ రవ్వంత నీరు దానిలోనికి చప్పుడు లేకుండ జారును. మోటారు హెచ్చినను తగ్గినను ఆ జారుడు మాత్రమే హెచ్చి తగ్గును. బరువు మోయునది ఒకటి, తప్పు దిద్దునది ఒకటి. బీన్ యానిమల్ అను మారుపేరు గల మరియొక అమెరికా ఔత్సాహికుడు దీనికి మూడవ గొట్టమును చేర్చెను. అది మామూలుగ పొడిగ ఉండి, తక్కిన రెండును పూడిన నాడు మాత్రమే పని చేయును.

ఈ పద్ధతిలో ఒక మెలకువ కలదు. కరెంటు వచ్చి మోటారు మరల తిరుగగనే నిండుగొట్టము గాలితో నిండియుండును. ఆ గాలి క్రింది చివరనుండి వెడలవలెను. చివర అడుగుతొట్టి నీటిలో రెండు సెంటీమీటర్లకు మించి మునిగియున్నచో, గాలికి ఆ నీటిని త్రోసికొనిపోవు బలము చాలక లోననే బిగిసికొనును. నీరంతయు రెండవ గొట్టమువైపు మళ్లి గది నిండిపోవును. చివరను కొద్దిగ మాత్రమే ముంచవలెను.

కరెంటు పోయినప్పుడు

మోటారు ఆగినప్పుడు తూచుటకు ఎక్కు నీరు లేదు. దిగు నీరు మాత్రమే కలదు. అంచుపై నిలిచిన 6 మిల్లీమీటర్ల నీరు జారిపోవును: 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు గల తొట్టిలో అది మూడు లీటర్ల చిల్లర. ఇంతటితో ఆగినచో ఎవ్వరును ఈ అధ్యాయము చదువనక్కరలేదు. కాని మోటారు నుండి పైకిపోవు గొట్టము చివర పై తొట్టినీటిలో మునిగియుండును. మోటారు ఆగగనే నీరు ఆ గొట్టముగుండనే వెనుకకు దిగనారంభించి, చివర గాలికి తేలువరకు ఆగదు. చివర మట్టమునకు 5 సెంటీమీటర్లు క్రిందనున్నచో దిగునది 27 లీటర్లు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు గల అడుగుతొట్టిలో ఆ నీరు 15 సెంటీమీటర్ల ఎత్తు లేచును. అంత ఖాళీ లేనిచో నేలపాలు.

విరుగుడు అతిసులభము: గొట్టము చివరను మట్టమునకు దగ్గరగ, ఒక సెంటీమీటరు లోతున ఉంచినచో, దిగునది అయిదున్నర లీటర్లకు లోపు, అడుగుతొట్టిలో మూడు సెంటీమీటర్ల పెరుగుదల. కొందరు చివరను లోతుననే ఉంచి, మట్టమునకు కొంచెము క్రింద గొట్టమునకు చిన్న రంధ్రము పెట్టుదురు. నీరు అంతవరకు దిగగనే గాలి చొరబడి పట్టు తెగును. మంచిదే గాని, ఆ రంధ్రమును పాచి మూసివేయును. నెలకొకమారు పుల్లతో పొడువకున్న అది లేనట్టిదే. ఒకవైపే నీరు పోనిచ్చు వాల్వును అమ్ము వ్యాపారులు కలరు. దాని రెప్పలో ఒక్క ఇసుకరేణువు చిక్కినను వాల్వు తెరచియే యుండును. దానిమీద ఇల్లు విడిచి పెండ్లికి పోవుట నా సలహా కాదు.

ఈ జిల్లావాసులకు కరెంటు పోవుట ఊహకు సంబంధించిన విషయము కాదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరమెక్కినప్పుడు శ్రీకాకుళము జిల్లాలోని ఎన్నో ఊళ్లు దినములకొలది చీకటిలో నుండెను. అట్టి వేళ నీరు పొర్లకుండుట మొదటి మాటయే గాని, చేపలకు గాలి అందుట రెండవది. బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి ఇంట నుండుట మంచిది. మేత పూర్తిగ మానవలెను. వడపోత సామగ్రి కొన్ని గంటలు గాలి లేక నిలిచినచో దానిలోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లును గనుక, కరెంటు రాగానే అడుగుతొట్టి నీటిని పైకెక్కింపక ముందు ఆ సామగ్రిని కడుగవలెను.

గొట్టము పూడినప్పుడు

దీనికి ఎదురైన ఆపద వేరొకటి కలదు. నత్తయో, మొక్క ఆకో దిగు గొట్టము నోట అడ్డుపడును. మోటారు మాత్రము ఎక్కించుచునే యుండును. ఇచ్చట రక్షణ మోటారుండు అరను చిన్నదిగ కట్టుటయందున్నది. అడుగుతొట్టిలో అడ్డుపలకలు పెట్టి, 20 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు గల అరలో మోటారును నిలిపి, దాని నోటికి పైన 10 సెంటీమీటర్ల నీరుంచినచో, దిగు నీరు ఆగినప్పుడు మోటారు ఎక్కింపగలది 6 లీటర్లు మాత్రమే. పై తొట్టిలో ఆ 6 లీటర్లు ఒక సెంటీమీటరుకు కొంచెము పైగ పెరుగును. పై అంచున రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ విడిచినవాని నేల తడవదు. మోటారు నీరు లేక గొణుగును, ఆ గొణుగుడే హెచ్చరిక. ప్రవాహములను తూచు పని మట్టము చేసికొనును. ఇంటివాడు తూచవలసినవి ఈ రెండు ఖాళీలు: క్రింద ఒకటి, పైన ఒకటి.

వేసవిలో ఆవిరియైన నీటి లోటు కూడ ఈ మోటారు అరలోనే కనబడును. పై తొట్టి మట్టమును అంచు నిర్ణయించుచున్నది గనుక అది కదలదు. ఆ లోటును తీర్చునప్పుడు ఉత్సాహముతో అడుగుతొట్టిని అంచువరకు నింపువారు, కరెంటు పోయిననాటి నీటికి ఉంచిన చోటును తామే నింపివేయుచున్నారు. అందుచేత చేపలను వదలకముందే వట్టి నీటితో పరీక్షింపవలెను: మోటారును నడపి, ఆపి, వెనుకకు దిగు నీరంతయు దిగనిచ్చి, అడుగుతొట్టి పొర్లకున్నచో మరల నడపి, మట్టము నిలిచినచోట గాజుమీద రంగుతో గీత గీయవలెను. పిదప నిండుగొట్టము నోట గుడ్డ క్రుక్కి రెండవ గొట్టము ఒంటరిగ మోయగలదో చూచి, దానిని కూడ మూసి మోటారు అర ఎండువరకు పై అంచును కనిపెట్టవలెను. ప్రతిదినము పోయు నీరు ఆ గీతను దాటరాదు.